పార్వతీశము టోపీ: వేషమును గూర్చి కొన్ని ఆలోచనలు

మొక్కపాటి నరసింహశాస్త్రిగారి (1892–1973) ‘బారిష్టర్ పార్వతీశం’ తెలుగు పాఠకులకు క్రొత్తగా పరిచయము చేయవలసిన గ్రంథము కాదు. పశ్చిమగోదావరి మండలమునందలి మొగలితుర్రునుండి బయలుదేరి, సీమకు పోయి బారిష్టరు కావలెనని సంకల్పించిన యువకుడొకడు తన కథను తానే చెప్పుకొనుట అందలి వస్తువు. 1924–25 ప్రాంతమున మొదటి భాగము వెలువడినది మొదలుగా దీనిని గూర్చి వ్రాసినవారిలో పెక్కుమంది ఒక్క తీర్మానమునకే వచ్చియున్నారు. పార్వతీశము అమాయకుడు, అమాయకుడు నాగరక ప్రపంచమున పడినప్పుడు కలుగు తబ్బిబ్బులే ఇందలి హాస్యము, ఆ హాస్యము నిర్దుష్టమైనది, ఎవరిని నొప్పింపనిది. ఇంతవరకు నేనును తరగతిలో ఇట్లే చెప్పుచు వచ్చితిని.

గడచిన సంవత్సరము స్నాతకోత్తర విద్యార్థులకు ఈ నవలను బోధించుచుండగా టోపీ ఘట్టము వచ్చినది. సీమ ప్రయాణమునకు దొరటోపీ లేనిదే జరుగదని తలచి పార్వతీశము ఒక టోపీ కొనును. అది స్త్రీలు ధరించు టోపీ. ఆ సంగతి అతనికి తెలియదు. చూచినవారు నవ్వుదురు. ఏల నవ్వుచున్నారో అతనికి బోధపడదు. తరగతియంతయు నవ్వినది. కోనసీమలోని ఒక లంకగ్రామమునుండి వచ్చిన విద్యార్థిమాత్రము నవ్వలేదు. కొంతసేపటికి లేచి, “అంతమంది నవ్వారు కదండీ, అది ఆడవాళ్ల టోపీ అని ఆ చూసినప్పుడే ఒక్కళ్లయినా చెప్పొచ్చు కదండీ?” అని అడిగినాడు. నాకు వెంటనే సమాధానము తోపలేదు. ఈ వ్యాసము ఆ ప్రశ్నకు ఆలస్యముగా వ్రాసిన సమాధానము.

వేషమునకు సంబంధించిన మాటలు మన భాషలో చిత్రముగా ఉన్నవి. ‘వేషము’ అనగా ఉడుపు అను అర్థమున్నను, లోకవ్యవహారమున అది నటనకు, ఒక్కొక్కప్పుడు మోసమునకు పర్యాయమైనది. ‘వేషాలు వేయకు’ అని పిల్లలను గదుముదుము. సంస్కృతమున ఔషధమను అర్థము కల ‘భేషజ’శబ్దము తెలుగున లేని గొప్పను చూపుటకు పేరైనది. హిందూస్తానీనుండి వచ్చిన ‘షోకు’ మొదట ఇష్టమును, అభిరుచిని తెలుపు పదము. మన ఊళ్లలో అది అలంకారముపై మోజుగా మారి, చివరకు కొంత నిందను కూడ మోసుకొని తిరుగుచున్నది. ఇక ‘టోపీ వేయుట’ అనగా ఏమో చెప్పనక్కరలేదు. నెత్తిన టోపీ పెట్టుకొనినవాడును, టోపీ వేయించుకొనినవాడును ఒక్కడే అయిన సందర్భము పార్వతీశమున సిద్ధించినది. ఈ శ్లేష శాస్త్రిగారు ఉద్దేశించినది కాకపోవచ్చును. భాషయే ఉద్దేశించినది. సొగసును ప్రశంసించుటకు మనకు ఎన్ని మాటలున్నవో, సొగసుపడువానిని శంకించుటకు అంతకంటె ఎక్కువ మాటలున్నవి.

పార్వతీశము వచ్చిన లోకమును ముందు చూడవలెను. ధవళేశ్వరమువద్ద ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తియైన పిదప గోదావరి డెల్టాకు కాలువలు వచ్చినవి. కాలువలతో వరిపంటయు, పంటతో డబ్బును, డబ్బుతో ఇంగ్లీషు బడులును వచ్చినవి. నరసాపురమునందలి టెయిలర్ ఉన్నతపాఠశాల అట్టి బడులలో ఒకటి. పార్వతీశము చదివినది అక్కడనే. అచటినుండి కాలువ పడవలో నిడదవోలు చేరి రైలెక్కును. ఈ పడవప్రయాణమును విమర్శకులు త్వరగా దాటిపోవుదురు. నాకు చూడగా నవలయంతటికి తాళపుచెవి అక్కడ ఉన్నది. పడవలో పార్వతీశము హాస్యాస్పదుడు కాడు. అచట ఎట్లు కూర్చుండవలెనో, ఎవరిని ఏమని పిలువవలెనో, ఎంతవరకు మాటలాడవలెనో అతనికి పుట్టుకతో వచ్చిన విద్య. ఆ విద్యకు పాఠ్యపుస్తకము లేదు. తండ్రి వెనుక, మేనమామ వెనుక పదిమారులు ప్రయాణము చేసినవానికి అది ఒంటబట్టును. రైలెక్కిన తరువాత ఆ విద్య సగము పనికివచ్చును. చెన్నపట్టణము చేరునప్పటికి పావువంతు. ఓడ యెక్కి, ఫ్రాన్సు దేశపు మార్సేల్సు రేవున దిగునప్పటికి బొత్తిగా శూన్యము. అతని బుద్ధి తగ్గలేదు. అతని చుట్టునున్నవారు మారినారు.

వేషము వ్యక్తియొక్క సొత్తు కాదు, సమూహముయొక్క సొత్తు. ఒక ఉడుపునకు అర్థమిచ్చునది దానిని తొడుగువాడు కాదు. దానిని చదువగల పదిమంది. పదముల విషయమున దీనిని మనము వెంటనే అంగీకరింతుము. ఒక్కడే మాటలాడు భాష భాష కాదు. వేషము విషయమున మాత్రము, అది ఎవని ఇష్టము వానిదని, ఎవని తెలివి వానిదని భ్రమపడుచున్నాము. టోపీ కొనునప్పుడు పార్వతీశము చేసిన పని తెలివితక్కువది కాదు. సీమలో టోపీ పెట్టుకొందురని అతనికి తెలియును. తానును పెట్టుకొనవలెనని తెలియును. అంగడిలో ఉన్నవానిలో తన కంటికి నచ్చినదానిని ఎన్నుకొనినాడు. నిఘంటువు చూచి క్రొత్తభాషలో వాక్యము కట్టినవాడు చేయునది ఇదియే. పదము సరియైనదే, లింగము తప్పినది. ఆ భాష మాటలాడువారి నడుమ ఒక్కనెల ఉన్నవాడు చేయని తప్పు అది. ఎంత పండితుడైనను ఒంటరిగా కూర్చుండి నేర్చువాడు చేయక తప్పని తప్పు.

ఇచట గిరీశమును జ్ఞప్తికి తెచ్చుకొనక తప్పదు. ‘కన్యాశుల్కము’ 1897లో వెలువడి, 1909లో పెరిగిన రూపమున మరల ప్రకటింపబడినది. గిరీశము సీమకు పోలేదు. ఇంగ్లీషు మాటలు, చుట్టకాల్పు, సంఘసంస్కరణోపన్యాసము అతని అలంకారములు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు ప్రాణమునకు తెగించి జరిపిన మొదటి వితంతువివాహము ఇరువదియేండ్లు తిరుగకమునుపే ఒక వర్గపు యువకుల నోట షోకుగా మారినదని అప్పారావుగారు కనిపెట్టినారు. గిరీశము పార్వతీశముకంటె ఎన్నోమడుగులు అబద్ధపువాడు. అయినను వేషము విషయమున అతడు ఎన్నడును తడబడడు. కారణము స్పష్టము. అతనికి వెంకటేశమున్నాడు. మెచ్చుకొనుటకు, అనుకరించుటకు, చుట్టకాల్చుట నేర్చుకొనుటకు ఒక్క శిష్యుడున్నచో చాలును, వేషము నిలబడును. ఇద్దరు కూడినచోట ఒక చిన్నసంఘము ఏర్పడును, దానికొక నుడికారము, ఒక నడక ఏర్పడును. పార్వతీశమునకు వెంకటేశము లేడు. ఇంటివారికి కూడ చెప్పక బయలుదేరినాడు.

గుంపు కలిగినప్పుడు అతిస్వల్పమైన వస్తువు ఎంతటి అర్థమును మోయగలదో గోదావరి తీరముననే ఒక నిదర్శనమున్నది. 1907 ఏప్రిల్ మాసమున బిపినచంద్రపాలుగారు రాజమహేంద్రవరమునకు వచ్చి ఉపన్యసించినారు. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు ఆ ఉపన్యాసములను తెనిగించి సభకు వినిపించినారు. దాని వేడిలో కళాశాల విద్యార్థులు ‘వందేమాతరం’ పతకములను రొమ్మున ధరించి తరగతులకు వచ్చినారు. ప్రధానాచార్యుడు మార్కు హంటరు దానిని సహింపలేదు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు శిక్షణకళాశాలనుండి తొలగింపబడినారు. పలువురు విద్యార్థులు శిక్షకు పాత్రులైనారు. చరిత్రకారులు దీనిని రాజకీయఘట్టముగా వర్ణింతురు, అది యుక్తమే. కాని దీనిని వేషచరిత్రలో కూడ చేర్చవలెనని నా కోరిక. రొమ్మున అంటించుకొనిన చిన్నముక్కకు ప్రభుత్వము భయపడినదన్న, ఆ ముక్కవలన కాదు. దానిని ఒకే ఉదయమున ఒకే అర్థముతో ధరించిన పలువురి వలన. అదే పతకమును ఒక్కడే ధరించి వచ్చియుండినచో ఏమయ్యెడిది? తోడివారు నవ్వియుందురు. మొగలితుర్రు చిన్నవాని టోపీ చూచి రైలులో నవ్వినట్లే.

పాశ్చాత్యులు ఈ విషయమును చాలకాలమునుండి విచారించుచున్నారు. పార్వతీశము చదువుకై పోయిన ఎడింబరో నగరముననే, శాస్త్రిగారు స్వయముగా చదువుకొనిన ఆ నగరముననే, 1809లో కార్లైలు విద్యార్థిగా చేరినాడు. ఆయన 1833–34లో ఒక పత్రికయందు ‘సార్టర్ రిసార్టస్’ అను గ్రంథమును ప్రకటించి, ఒక కల్పిత జర్మను ఆచార్యుని నోట వస్త్రదర్శనమునే చెప్పించినాడు. మానవసంస్థలన్నియు ఒకరకపు ఉడుపులేయని ఆయన తాత్పర్యము. జర్మనీలో సిమ్మెలు 1904లో వ్రాసిన వ్యాసమున, ఫ్యాషనునందు రెండు విరుద్ధమైన కోరికలు కలసియున్నవనినాడు: పదిమందిలో కలియవలెనను కోరిక, పదిమందినుండి వేరుపడవలెనను కోరిక. పార్వతీశమున ఈ రెండవది లేనేలేదు. అతనికి మొదటిదే పూర్తిగా నెరవేరలేదు.

ఇటీవలివారిలో డిక్ హెబ్డిజ్ 1979లో ప్రకటించిన గ్రంథము మనకు మరింత ఉపకరించును. లండను వీథులలోని పంకు యువకులు పిన్నీసులను, చెత్తబుట్టలలో వేయు ప్లాస్టికు సంచులను ఆభరణములుగా, ఉడుపులుగా ధరించినారు. వస్తువును దాని తావునుండి తప్పించి మరియొక తావున నిలుపుటయే వారి శైలియని ఆయన వ్యాఖ్యానించినాడు. ఈ వ్యాఖ్యను చదివినప్పుడు నాకు పార్వతీశము టోపీయే కనబడినది. స్త్రీల టోపీని పురుషుడు పెట్టుకొనుట వస్తువును తావు తప్పించుట కాదా? పదిమంది యువకులు తెలిసి చేసినచో అది శైలి; శాస్త్రగ్రంథమున కెక్కును. ఒక్కడు తెలియక చేసినచో అది తబ్బిబ్బు, హాస్యనవల కెక్కును. రెంటియందును టోపీ ఒక్కటే. నడుమనున్న వ్యత్యాసము బుద్ధికి చెందినది కాదు, నాగరకతకు చెందినది కాదు; చేయిపట్టుకొని నడచు నలుగురు ఉండుటకు, లేకుండుటకు చెందినది.

మొగలితుర్రునుగూర్చియే ఒక ముచ్చట చెప్పి ముందుకు పోయెదను. తరువాతికాలమున ఆ ఊరిపేరు చలనచిత్రముల మూలమున మరల ప్రసిద్ధికెక్కినది. కృష్ణంరాజుగారిది ఆ ఊరే; చిరంజీవిగారి స్వస్థలముగా చెప్పుకొనునదియు ఆ ఊరే. 1983లో ‘ఖైదీ’ వచ్చిన పిమ్మట డెల్టాలోని యువకులు జుట్టు దువ్వినతీరు, చొక్కా మడచినతీరు ఎవరిని చూచి నేర్చినారో నా యీడువారికి చెప్పనక్కరలేదు. వారిని చూచి పెద్దలు విసుగుకొనిరే కాని, ఎవరును పార్వతీశమును చూచి నవ్వినట్లు నవ్వలేదు. ప్రతిఊరను అభిమానసంఘముండెను. సంఘము కలవాని వేషము చూచి నవ్వుట అంత సులభము కాదు.

ఈ సందర్భమున ఒక ఆక్షేపణ రావచ్చును. శాస్త్రిగారు పార్వతీశమును ఎగతాళి చేయలేదా? చేసినది ఎవరో నిదానించి చూడవలెను. కథ ఉత్తమపురుషలో ఉన్నది. టోపీ పెట్టుకొనినవాడు ఇరువదియేండ్ల లోపలివాడు. చెప్పుచున్నవాడు టోపీల భాష నేర్చినవాడు. ఇద్దరి నడుమ సముద్రము, కొన్ని సంవత్సరములు ఉన్నవి. రెండవవాడు మొదటివానిని ఎచటను కించపరుపలేదు, సమర్థింపనులేదు. తన అజ్ఞానమును దాచుకొనక పాఠకునిముందు పరచుచున్నాడు. ఆనాడు ఎవరును చెప్పని మాటను ఇప్పుడు తానే తనకు చెప్పుకొనుచున్నాడు. నవ్వినవారి గుంపులో చేరక, నవ్వులపాలైనవాని ప్రక్కన వచ్చి కూర్చుండుటయే ఈ కథనపద్ధతియొక్క ఉదారత. ఇది ప్రథమపురుషలో చెప్పబడియున్నచో వట్టి ప్రహసనమయ్యెడిది.

ఈ ఉదారత భాషయందును కలదు. గిడుగు రామమూర్తిగారు 1919లో ‘తెలుగు’ పత్రికను స్థాపించి వ్యావహారికమునకై పోరాడుచున్న రోజులకు సమీపముననే ఈ నవల పుట్టినది. శాస్త్రిగారు తన నాయకునిచేత డెల్టాలోని ఇంటివారి మాటలనే చెప్పించినారు. సీమవేషము వేసినను మాట మొగలితుర్రు మాట. వేషము జారినచోటనెల్ల భాష అతనిని పట్టినిలిపినది. ఈ మాటలు నేను గ్రాంథికమున వ్రాయుచున్నానని పాఠకులు నవ్వవచ్చును. ఈ సంచికల సంప్రదాయము ఇది. ఇదియును ఒక టోపీయే. నాతోపాటు మరికొందరు పెట్టుకొనియున్నారు కావున ధైర్యముగా ఉన్నది.

సీమకు పోనివారి సంగతి కూడ ఒక్కమాట. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారు (1891–1961) మొక్కపాటివారికంటె ఒక్క యేడు పెద్ద. ఆ డెల్టాకే చెందినవారు. వారి ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ చదివినవారికి, వైదికకుటుంబమున పుట్టిన చిన్నవాడు తెలుగున వచనము వ్రాయదలచుటయే ఎంత తిరుగుబాటో తెలియును. పార్వతీశము ఉడుపు మార్చి దూరము పోయినాడు. శ్రీపాదవారు ఉన్నచోటనే ఉండి కలము మార్చినారు. రాజమహేంద్రవరమున వారికి తోటి రచయితలు దొరికినారు, పాఠకులు దొరికినారు. ఒంటరిగా మొదలైనది ఒక కూటమైనది. ఏది కష్టమైన ప్రయాణమో నిర్ణయించుట నాకు సాధ్యము కాలేదు.

నవలయందు నాకు లోపముగా తోచునది వేరొకటి కలదు. ఆ టోపీని చూచి జనులు ఏల నవ్వుదురు? పురుషుడు స్త్రీ వస్తువును ధరించుట అతనికి తక్కువయని అందరికిని ముందే అంగీకారము కనుక. ఆ అంగీకారమును శాస్త్రిగారు ప్రశ్నింపలేదు. ఆ కాలమున ప్రశ్నింపవలెనని ఆశించుట న్యాయమును కాదు. మరియొకటి. వేషదోషము నవ్వుగా ముగియుట కొంత కలిగినవారికే దొరకు సౌకర్యము. ఆ డెల్టాలోనే, ఆ సంవత్సరములలోనే, చెప్పులు తొడుగుకొని పెద్దవీథిలో నడచుటకు, మోకాలు దిగు పంచె కట్టుటకు వీలులేని కులములున్నవి. వారు వేషమున చేసిన ‘తప్పు’నకు ప్రతిఫలము నవ్వు కాదు, దెబ్బ. తూర్పుగోదావరినుండి వచ్చిన బోయి భీమన్నగారి ‘పాలేరు’ నాటకమున పాలేరు చదువుకొని అధికారి అగును. అందు ఉడుపు మారుట హాస్యవస్తువు కాజాలదు. ఈ రెండు రచనలను ప్రక్కప్రక్కన ఉంచి బోధించినప్పుడే విద్యార్థికి డెల్టాయొక్క దుస్తులచరిత్ర సమగ్రముగా తెలియునని నా అనుభవము. ‘పార్వతీశం’ను ఒంటరిగా బోధించినంతకాలము నేను సగమే బోధించితిని.

తరువాతి భాగములు మొదటి భాగమంత ప్రచారము పొందలేదు. రచయితకు వార్ధక్యము వచ్చినదని, హాస్యము పలుచబడినదని కొందరందురు. నేనట్లు తలంపను. ఎడింబరోలో పార్వతీశమునకు స్నేహితులు ఏర్పడినారు. ఎట్లు తినవలెనో, ఎట్లు తొడుగవలెనో, ఎప్పుడు ఊరకుండవలెనో తెలిసినది. ఇల్లు చేరిన పిమ్మట కథలోనికి దేశోద్యమము వచ్చినది. 1921 సెప్టెంబరున మదురలో గాంధీమహాత్ముడు కొల్లాయి కట్టిననాటినుండి ఖద్దరు మనదేశమున అందరును చదువగల వేషమైనది. దానిని తప్పుగా కట్టుట కష్టము. అట్టి లోకమున పార్వతీశము టోపీకి తావులేదు. టోపీ లేనిచోట మొదటి భాగపు నవ్వును లేదు. హాస్యము క్షీణించుట రచయిత లోపముకంటె నాయకుని అదృష్టమనవలెను.

ఇక విద్యార్థి ప్రశ్న. ఒక్కరైనను అప్పుడే ఏల చెప్పలేదు? చెప్పుటకు, అతడు తమవాడని ముందు అనుకొనవలెను. రైలులో ప్రక్కన కూర్చున్నంతమాత్రమున ఎవరును తమవారు కారు. ఈ సమాధానమును మరుసటి వారము తరగతిలో చెప్పితిని. ఆ చిన్నవాడు విని తల ఊపినాడే కాని తృప్తిపడినట్లు కనబడలేదు. తరువాత వరండాలో నాతోపాటు నడచుచు, “మీకెవరైనా చెప్పారాండీ?” అని అడిగినాడు.

చెప్పినారు. పై చదువులకు నేను పట్టణమునకు వచ్చినప్పుడు మా ఊరి దర్జీ కుట్టిన సఫారీ దుస్తులు తొడుగుకొని వసతిగృహమున దిగితిని. మా ఊర ఉపాధ్యాయులు, గ్రామాధికారులు తొడుగు గౌరవవేషము అది. అచట ఆ యీడువారెవరును తొడుగరు. మొదటివారము నన్ను ‘తహసీల్దారుగారు’ అని పిలిచినారు, గౌరవముతోనేయని నేననుకొంటిని. ఎదుటిగదిలో తునివైపునుండి వచ్చిన పెద్దతరగతి విద్యార్థి ఒకడు ఉండెడివాడు. ఆదివారమునాడు నా గదికి వచ్చి, ఏమియు అనక, “తమ్ముడూ, బజారుకి పోదాం రా. దారిలో వేడిగా ఉంటుంది, ఇది వేసుకో” అని తన పత్తిచొక్కా ఒకటి మంచముపై పెట్టినాడు. భుజములవద్ద కొంచెము వదులైనది. సాయంకాలము తిరిగివచ్చునప్పుడు అంగడివీథిలో ఒక దర్జీకి నా కొలతలు ఇప్పించి, ముందు బయానా తానే ఇచ్చినాడు.